పాత రికార్డులతో రేడియోలో పాత పాటల కార్యక్రమం: విశాఖలో మొదలుపెట్టేవారి కోసం

గంటసేపు సాగే పాత పాటల కార్యక్రమానికి స్టూడియో బయట ఆరేడు గంటల పని ఉంటుందని తెలుసుకొని ఇందులోకి దిగండి. మైకు ముందు కూర్చున్న తరువాత చేయగలిగింది చాలా తక్కువ. ఏ రికార్డు ఏ వైపున గరగరలాడుతుంది, ముల్లు ఆనిన ఎన్ని క్షణాలకు వాద్యం మొదలవుతుంది, రెండో చరణంలో గీత ఎక్కడ ఉంది, లేబులు మీద గాయని పేరు ఏమని అచ్చయింది అన్న సంగతులన్నీ ఇంట్లోనే విని, నోటు పుస్తకంలో రాసుకొని వెళ్ళినవారే స్టూడియోలో నిమ్మళంగా మాట్లాడగలరు. నేను విశాఖపట్నంలో కొన్నేళ్ళుగా ఆదివారం రాత్రుళ్ళు పాత తెలుగు పాటలను అసలు రికార్డుల మీద నుంచే శ్రోతలకు వినిపిస్తున్నాను. ఆ అనుభవంతో, ఈ పనిని కొత్తగా మొదలుపెట్టేవారికి ఉపయోగపడే విషయాలను ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

ఎక్కడ వినిపించాలి

మొదట తేల్చుకోవలసింది ఇదే. 1963లో మొదలైన మన ఆకాశవాణి కేంద్రం సిరిపురంలో ఉంది. అక్కడ బయటివారు నేరుగా వెళ్ళి సొంత కార్యక్రమం పెట్టుకోవడం కుదరదు; క్యాజువల్ అనౌన్సర్ల కోసం ప్రకటన వెలువడినప్పుడు దరఖాస్తు చేసుకొని, రాత పరీక్షా స్వర పరీక్షా నెగ్గాలి. ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషన్లలో పాటల జాబితాను సాధారణంగా కార్యాలయమే నిర్ణయిస్తుంది కాబట్టి, అరిగిన రికార్డు చేత పట్టుకొని వెళ్ళేవారికి అక్కడ చోటు దొరకడం కష్టం. కొత్తవారికి అందుబాటులో ఉండే దారులు కమ్యూనిటీ రేడియో (చుట్టుపక్కల ప్రాంతం కోసం స్థానిక సంస్థలు నడిపే చిన్న స్టేషన్), ఇంటర్నెట్ రేడియో.

కమ్యూనిటీ రేడియో లైసెన్సును వ్యక్తులకు ఇవ్వరు. మొదట్లో విద్యాసంస్థలకు మాత్రమే ఇచ్చేవారు. 2006 నాటి విధానంతో లాభాపేక్ష లేని స్వచ్ఛంద సంస్థలకు కూడా అవకాశం వచ్చింది. అందువల్ల మీరు చేయవలసింది లైసెన్సు కోసం తిరగడం కాదు, ఇప్పటికే నడుస్తున్న స్టేషన్‌లో వారానికి ఒక గంట అడగడం. ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్లకు మించదు, పైగా ఎఫ్.ఎం. తరంగాలు కొండను దాటి వంగి రావు. మన ఊరు కొండల మధ్య ఉన్న ఊరు. కైలాసగిరి చాటున, సింహాచలం కొండ వెనుక ఉన్న ఇళ్ళలో సంకేతం బలహీనంగా అందవచ్చు. స్టేషన్ ఎక్కడిదైనా, మీ శ్రోతలు ఏ పేటల్లో ఉంటారో ఆ పేటలకు ఒకసారి చిన్న రేడియో పట్టుకొని వెళ్ళి విని రండి.

స్టేషన్ నిర్వాహకుల దగ్గరకు వెళ్ళేటప్పుడు నాలుగు పేజీల ప్రతిపాదన రాసుకొని వెళ్ళడం కంటే, పావుగంట నమూనా కార్యక్రమం రికార్డు చేసుకొని వెళ్ళడం ఎంతో మేలు. మూడు పాటలు, వాటి మధ్య మీ మాటలు ఉంటే చాలు.

రికార్డులను సేకరించడం

మీ చేతికి మూడు రకాల రికార్డులు వస్తాయి. మన పెద్దలు ప్లేట్లు అని పిలిచే 78 వేగం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులు బరువుగా, పెళుసుగా ఉంటాయి. పది అంగుళాల ప్లేటు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు పాడుతుంది. ఏడు అంగుళాల 45 వేగం రికార్డు 1949లో అమెరికాలో ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీ తెచ్చినది. అక్కడ దాని మీద ఒక్కో వైపు ఒక్కొక్క పాట ఉండేది. మన సినిమా పాటల్లో మాత్రం ఒక్కో వైపు రెండేసి పాటలు పట్టే ఈపీలే ఎక్కువగా వచ్చాయి. మూడోది, 1948లో వచ్చిన పన్నెండు అంగుళాల ఎల్పీ, నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. పాత పాటల కార్యక్రమానికి ప్రాణం మొదటి రెండు రకాలే. లేబుళ్ళ మీద హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్ పేర్లు తరచుగా కనిపిస్తాయి. గ్రామఫోన్ కంపెనీ వారి రికార్డులు కలకత్తా దగ్గర డమ్ డమ్ కర్మాగారంలో అచ్చయ్యేవి. మద్రాసులో పాడిన తెలుగు పాట కలకత్తాలో ప్లేటుగా మారి మన ఇళ్ళకు చేరేదన్నమాట.

రికార్డుల కోసం ముందు దుకాణాలకు వెళ్ళకండి, ఇళ్ళకు వెళ్ళండి. వన్‌టౌన్‌లో, మహారాణిపేటలో, వాల్తేరు రైల్వే పరిసరాల్లో ఉన్న పాత ఇళ్ళ అటకల మీద ఇత్తడి సామాన్ల పక్కన రికార్డుల పెట్టెలు ఇంకా ఉన్నాయి. పోర్టులో, షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన పెద్దలను అడగండి. వారు అమ్మడానికి ఇష్టపడకపోతే ఒక వారం కోసం అరువు అడగండి, ఏ రికార్డు తీసుకున్నారో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి, చెప్పిన రోజున తిరిగి ఇవ్వండి. నా కార్యక్రమంలో వినిపించే రికార్డుల్లో సగం ఇలా అరువు తెచ్చుకున్నవే. యజమాని అంగీకరిస్తే ఆయన పేరు ప్రసారంలో చెప్పండి, ఆ ఇల్లంతా ఆ రాత్రి రేడియో ముందు కూర్చుంటుంది.

పెళ్ళిళ్ళకు, తీర్థాలకు మైకు సెట్టు కట్టినవారి దగ్గర పెద్ద మొత్తంలో రికార్డులు దొరుకుతాయి. వాటిని కొనే ముందు జాగ్రత్త అవసరం. బరువైన ముల్లుతో వందల సార్లు వేసిన రికార్డులు అవి. పైకి మెరుస్తున్నా గాడులు లోపల అరిగిపోయి, గొంతు పెరిగిన చోటల్లా పాట చీరుకుపోయినట్టు వినిపిస్తుంది. రికార్డును కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకొని చూడండి. వెంట్రుక లాంటి సన్నని గీతలు పెద్దగా బాధించవు, కానీ గాడులు నల్లగా మెరవకుండా బూడిద రంగులో పాలిపోయి ఉంటే ఆ రికార్డు అరిగినట్టే. 78 రికార్డుకు మాత్రం ఇంకొక పరీక్ష ఉంది. కుండను కొట్టి చూసి కొన్నట్టే, దాన్ని మధ్య రంధ్రం దగ్గర వేలి మీద నిలబెట్టి అంచున గోటితో మెల్లగా తట్టండి. బాగున్నది ఖంగుమంటుంది, కంటికి కనబడని పగులు ఉన్నది బొంగురుగా పలుకుతుంది. ఇంటికి తెచ్చేటప్పుడు వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, అట్టపెట్టెలో నిలబెట్టి, మధ్యలో తువ్వాళ్ళు దోపి తీసుకురండి. ఆటోలో పెట్టెను ఒళ్ళో పెట్టుకోవడమే క్షేమం.

శుభ్రం చేయడం

ఈ అంశంలో ఒక నియమాన్ని ఎప్పటికీ మరచిపోకూడదు. 78 రికార్డుల్లో ఎక్కువ భాగం లక్కతో, ఖనిజాల పొడితో చేసినవి. మనకు దగ్గరలోని ఏటికొప్పాక బొమ్మలకు పూసేది కూడా లక్కే. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించే పాలిష్ చేస్తారు కదా. కాబట్టి స్పిరిట్ కానీ, ఆల్కహాల్ కలిసిన ఏ ద్రావకం కానీ 78 మీద పడితే గాడులు కరిగిపోతాయి, ఆ పాట ఇక తిరిగి రాదు. వినైల్‌తో చేసిన ఈపీలకు ఈ ప్రమాదం అంతగా లేకపోయినా, రెండింటికీ ఒకే పద్ధతి అలవాటు చేసుకోవడం మంచిది.

మందుల దుకాణంలోనో బ్యాటరీల దుకాణంలోనో దొరికే డిస్టిల్డ్ వాటర్ లీటరు తీసుకొని, అందులో ఒకటి రెండు చుక్కలు గిన్నెలు తోమే ద్రవ సబ్బు కలపండి. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను ఆ నీటిలో తడిపి, పిండి, గాడి తిరిగిన దిశలోనే గుండ్రంగా తుడవండి. అడ్డంగా తుడిస్తే దుమ్ము రేణువులే గీతలు గీస్తాయి. లేబులు తడవకూడదు, అందుకోసం నేను దాని మీద చిన్న ప్లాస్టిక్ మూత బోర్లించి పట్టుకుంటాను. తరువాత సబ్బు లేని డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకొకసారి తుడిచి, గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టవద్దు. మన వేసవి ఎండలో వినైల్ రికార్డు కొద్దిసేపటికే అప్పడంలా వంకర తిరుగుతుంది. 78ని నీళ్ళలో నానబెట్టవద్దు. తెల్లని చుక్కలుగా బూజు పట్టిన రికార్డులను తుడిచేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా ఇంటి కిటికీ రెక్క ఊడి, వాన నీరు రికార్డుల బీరువాలోకి వచ్చింది. అట్టలు తడిసి ఈపీలకు అతుక్కుపోయాయి. కంగారులో మొదటి రెండింటిని లాగి విడదీశాను, అట్ట మీది రంగు కాగితం రికార్డుకే అంటుకొని ఉండిపోయింది. మిగతావాటిని పొడిబారనివ్వకుండా డిస్టిల్డ్ వాటర్‌తో తడుపుతూ, కాగితం మెత్తబడ్డాక అంచు నుంచి కొద్దికొద్దిగా వలిచాను. ముప్పై రికార్డులకు మూడు రోజులు పట్టింది, ఇరవై ఆరు దక్కాయి. తడిసిన అట్టను ఎప్పుడూ ఆరనిచ్చి లాగకండి.

రికార్డు ప్లేయరు

పాత కీ తిప్పే గ్రామఫోను ఇంట్లో ఉంటే అది అలంకారానికి ఉంచండి, ప్రసారానికి వాడవద్దు. దాని ఉక్కు ముల్లు ప్రతి వైపుకూ మార్చవలసినది, బరువు చాలా ఎక్కువ, రికార్డును అరగదీస్తుంది. ప్రసారానికి డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (మోటారే నేరుగా పళ్ళేన్ని తిప్పే రికార్డు ప్లేయరు) కావాలి, ఎందుకంటే అది స్టార్ట్ నొక్కగానే క్షణంలో పూర్తి వేగం అందుకుంటుంది. బెల్టు మీద నడిచేది నెమ్మదిగా అందుకుంటుంది, పాట మొదటి స్వరం సాగిపోయి వినిపిస్తుంది. కొనే ముందు 78 వేగం ఉందో లేదో చూడండి, చాలా మోడళ్ళలో ఉండదు.

ముల్లు విషయంలో రాజీ పడవద్దు. ఈపీలకు, ఎల్పీలకు వాడే వజ్రపు ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 18 నుంచి 25 మైక్రాన్లు ఉంటుంది. 78 గాడి చాలా వెడల్పు కాబట్టి దానికి సుమారు 75 మైక్రాన్ల కొన ఉన్న ప్రత్యేకమైన ముల్లు కావాలి. సన్నని ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున దుమ్మును గోకుతూ తిరుగుతుంది, పాట కంటే గరగర ఎక్కువగా వినిపిస్తుంది. ముల్లు బరువును కార్ట్‌రిడ్జ్ (ముల్లును పట్టుకొని ఉండే చిన్న భాగం) తయారీదారు చెప్పిన పరిమితిలోనే ఉంచండి, సాధారణంగా అది 1.5 నుంచి 3 గ్రాముల మధ్య ఉంటుంది. బరువు తగ్గిస్తే రికార్డు అరగదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. తేలికైన ముల్లు గాడిలో నిలవక అటూ ఇటూ గెంతి గోడలను దెబ్బతీస్తుంది.

కార్ట్‌రిడ్జ్ నుంచి వచ్చే సంకేతం కొద్ది మిల్లీవోల్టులే, పైగా రికార్డు మీద గాడులు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. ఆ రెండింటినీ సరిచేసే ఫోనో ప్రీ-యాంప్లిఫయర్ ద్వారానే మిక్సర్‌కు (శబ్దాలను కలిపి ప్రసారానికి పంపే పెట్టెకు) కలపాలి. నేరుగా కలిపితే పాట చాలా సన్నగా, కీచుగా వినిపిస్తుంది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే ఎర్త్ తీగను ప్రీ-యాంప్లిఫయర్‌కు బిగించడం మరచిపోతే వెనుక ‘హూం’ అనే శబ్దం ఆగకుండా వస్తుంది. మన గాలిలో ఉప్పు ఉంది కాబట్టి పిన్నులు తొందరగా చిలుము పడతాయి, నెలకొకసారి తీసి తుడిచి పెట్టండి.

ఇంకొక కిటుకు చెబుతాను, దీనికి ఖర్చు లేదు. 78లు అన్నీ, 1960ల నాటి ఈపీల్లో చాలావరకు మోనో రికార్డులే. వాటిని స్టీరియో కార్ట్‌రిడ్జ్‌తో వేసి, మిక్సర్‌లో రెండు చానళ్ళనూ కలిపి మోనోగా మార్చండి. మోనో పాట గాడిలో పక్కలకు మాత్రమే కదులుతుంది, దుమ్ము వల్ల ముల్లు పైకీ కిందికీ ఎగిరే శబ్దం రెండు చానళ్ళలో ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటుంది. కలిపినప్పుడు పాట నిలుస్తుంది, ఆ గరగరలో చాలా భాగం తనంతట తానే రద్దయిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు రికార్డు మార్చారేమో అనిపిస్తుంది.

వేగం సరిగ్గా ఉందో లేదో చూడడానికి పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అతికించి గడియారం పెట్టుకొని లెక్కపెట్టండి. నిమిషానికి 45 చుట్లు తిరగాలి. 33⅓ వేగానికైతే మూడు నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు రావాలి. కాస్త వేగం పెరిగితే ఘంటసాల గొంతు ఘంటసాలది కాకుండా పోతుంది, అది శ్రోతలు వెంటనే పసిగడతారు.

నోటు పుస్తకం

ఇక అసలు పని ఇది. ప్రతి రికార్డునూ ప్రసారానికి ముందు కనీసం రెండుసార్లు పూర్తిగా, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వినండి. ఒకసారి పాట కోసం, ఒకసారి లోపాల కోసం. విన్నది విన్నట్టు రాయండి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: “ఈపీ, రెండో వైపు, మొదటి పాట. నిడివి 3.12. ముల్లు ఆనిన 4 సెకన్లకు వీణ. 1.50 దగ్గర రెండు చిటుకులు. 2.31 దగ్గర గీత, గెంతడం లేదు. చివరి స్వరం 3.05 నుంచి తగ్గుతుంది. లేబులు మీద రచయిత పేరు లేదు, పాటల పుస్తకం చూడాలి. అట్ట వెనుక నీలం సిరాతో పాత యజమాని సంతకం, పక్కన 1966.” ఈ పేజీ చేతిలో ఉంటే చిటుకులు వచ్చినప్పుడు మీరు ఉలిక్కిపడరు, పాట ముగియకముందే మైకు తెరవరు.

లేబులును అక్షరం అక్షరం చదివి రాసుకోండి. కంపెనీ, రికార్డు సంఖ్య, చిత్రం పేరు, సంగీత దర్శకుడు, గాయకులు. లేబులు చుట్టూ గాడులు లేని నున్నని భాగంలో ముల్లుతో చెక్కినట్టు ఉండే సంఖ్యను కూడా రాసుకోండి. అట్ట మారిపోయినా, లేబులు చెరిగిపోయినా ఆ సంఖ్యను బట్టి రికార్డును గుర్తుపట్టవచ్చు. గీత రచయిత పేరు చాలా లేబుళ్ళ మీద ఉండదు. అప్పట్లో సినిమా హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు అందుకు అన్నిటికంటే నమ్మకమైన ఆధారం; సేకరించేవారిని వెతికి పట్టుకోండి. ఇంటర్నెట్‌లో ఒకరు రాసిన తప్పునే పదిమంది మళ్ళీ రాసి ఉంటారు, దాన్ని మాత్రమే నమ్మి ప్రసారంలో పేరు చెప్పవద్దు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొదటి సంవత్సరంలో ఒక యుగళగీతం వేసి, లేబులు చూడకుండా, చిన్నప్పటి నుంచి మనసులో ఉన్న గాయని పేరు చెప్పేశాను. పాట సగంలో ఉండగానే గాజువాక నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. “ఆ పాట పాడినది ఆవిడ కాదు బాబూ, మీ చేతిలో ప్లేటు ఉంది కదా, ఒకసారి లేబులు చూడండి” అన్నారు. చూశాను. ఆయన చెప్పిందే నిజం. పాడిన మనిషికి ఆ పేరు తప్ప రికార్డు మీద ఇంకేమీ మిగలలేదు, దాన్ని కూడా నేను తీసి వేరొకరికి ఇచ్చాను. పాట ముగియగానే తప్పు ఒప్పుకొని సరైన పేరు చెప్పాను, తరువాతి వారం అదే పాటను మళ్ళీ వేసి మళ్ళీ చెప్పాను. మీరూ తప్పు దొర్లితే దాచకండి, అదే గంటలో సరిదిద్దండి.

పాటల క్రమం, మాట

గంటకు పన్నెండు పాటలు సరిపోతాయి. ఒక్కొక్కటి సుమారు మూడుంపావు నిమిషాలు అనుకుంటే పాటలకే 39 నిమిషాలు పోతాయి. స్టేషన్ ప్రకటనలు పోగా మీ మాటలకు పది పన్నెండు నిమిషాలు మిగులుతాయి, అంటే పాటకు నిమిషం కూడా లేదు. రికార్డులు మాత్రం పదహారు తీసుకొని వెళ్ళండి. మొదటి పాటకు మీ దగ్గర ఉన్నవాటిలో శుభ్రంగా పలికే ఈపీని ఎంచుకోండి. కొత్త శ్రోత గరగరతో మొదలయ్యే కార్యక్రమాన్ని తిప్పేస్తాడు. చెవి అలవాటు పడిన తరువాత, ఇరవయ్యో నిమిషం దాటాక 78లు వేయండి.

పాటలను ఒక తీగతో కలిపితే మాట తనంతట తానే వస్తుంది. ఉదాహరణకు విజయనగరాన్ని తీసుకోండి. ఘంటసాల అక్కడి సంగీత కళాశాలలో, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. పి. సుశీల 1935లో అక్కడే పుట్టారు. మన ఊరి నుంచి గంటన్నర ప్రయాణంలో ఉన్న పట్నం గురించి ఇలా ఒక గంట మొత్తం నడపవచ్చు, ఆ గంటలో శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా వినేవారికి తమ సంగతే చెబుతున్నట్టు ఉంటుంది. నాటక పద్యాల 78లు మీ దగ్గర ఉంటే వాటికీ ఒక వారం కేటాయించండి. సురభి నాటకాలు చూసి పెరిగిన పెద్దవారు ఆ పద్యాల కోసం ఎదురుచూస్తారు.

ప్రకటనలో ఆకాశవాణి మనకు నేర్పిన పద్ధతినే పాటించండి: చిత్రం, గీత రచన, సంగీతం, గానం. పాటకు ముందు రెండు వాక్యాలు, తరువాత ఈ నాలుగు వివరాలు. పాట ముందు వచ్చే వాద్యం మీద మాట్లాడవద్దు. ఆ పాటల్లో ఆ వాద్యం పది పదిహేను సెకన్లే ఉంటుంది, యాభై ఏళ్ళ తరువాత దాన్ని మళ్ళీ వినాలని కూర్చున్నవారికి మీ గొంతు అడ్డం వస్తుంది. కథలు చెప్పాలనిపిస్తే మీకు ఆధారం ఉన్నవే చెప్పండి. “ఈ పాట కోసం ఫలానా వారు ఏడ్చారట” లాంటి మాటలకు మీ కార్యక్రమంలో చోటు ఇవ్వకండి.

స్టూడియోలో

గంట ముందు చేరుకోండి. ఏసీ గదిలో ఉన్న రికార్డులను బయటి తేమ గాలిలోకి తీసుకురాగానే వాటి మీద చెమ్మ పడుతుంది, అందువల్ల అట్టల్లో ఉంచి పావుగంట ఆగి తీయండి. టర్న్‌టేబుళ్ళు రెండు ఉండాలి, ఒకదాని మీద పాట నడుస్తుండగా రెండోదాని మీద తరువాతి పాట సిద్ధం కావాలి. మైకు ఉన్న బల్ల మీద టర్న్‌టేబుల్ పెట్టవద్దు. మీరు మోచెయ్యి ఆనించిన ప్రతిసారీ ఆ చప్పుడు ముల్లు పట్టుకుంటుంది. పెద్ద రంధ్రం ఉన్న 45 రికార్డులకు మధ్యలో పెట్టే బిళ్ళను సంచిలో రెండు వేసుకోండి, ఒకటి ఎప్పుడూ కనబడదు.

పాటను సిద్ధం చేసే పద్ధతి ఇది. ప్రసారానికి వెళ్ళే ఫేడర్ (మిక్సర్ మీద శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) మూసి ఉంచి, మీకు మాత్రమే వినిపించే క్యూ బొత్తాం నొక్కి, ఇయర్‌ఫోన్‌లో వింటూ ముల్లును పాట ముందున్న ఖాళీ గాడిలో దించండి. మొదటి స్వరం వినబడగానే స్టాప్ నొక్కి, పళ్ళేన్ని చేత్తో ఆపండి. తరువాత రికార్డును వేలితో లేబులు అంచున పట్టుకొని మెల్లగా వెనక్కి తిప్పండి. 45 వేగం రికార్డు ఒక చుట్టుకు 1.33 సెకన్లు తీసుకుంటుంది కాబట్టి పావు చుట్టు నుంచి అర చుట్టు వరకు వెనక్కి తిప్పితే సరిపోతుంది, యంత్రం వేగం అందుకోవడానికి ఆ వ్యవధి చాలు. మీ మాట చివరి అక్షరం మీద స్టార్ట్ నొక్కి, ఫేడర్ తెరవండి. ఈపీలో రెండో పాట కావాలంటే చిన్న బల్బు వెలుగును ఏటవాలుగా పడేటట్టు పెట్టుకోండి, రెండు పాటల మధ్య ఖాళీ సన్నని నల్లని ఉంగరంలా కనబడుతుంది. ఒకే రికార్డును ఇలా మాటిమాటికీ వెనక్కి తిప్పితే పాట మొదలులో గాడి కాలినట్టు గరగరలాడుతుంది. ఇంట్లో సాధనకు పనికిరాని రికార్డు ఒకటి ఉంచుకోండి.

78ల సంగతిలో నాది వేరే పద్ధతి. వాటిని ఇంట్లో ఒకే ఒకసారి జాగ్రత్తగా వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించుకొని, ప్రసారంలో ఆ ఫైలు వేస్తాను. చేయి జారితే ముక్కలయ్యే వస్తువును, అందులోనూ పరాయివారి వస్తువును, ప్రతిసారీ స్టూడియోకు మోయడం న్యాయం కాదు. ఆ ఫైలులో గరగరను సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తుడిచివేయకండి. దానితో పాటు వయొలిన్ల మీది మెరుపూ, గాయని ఊపిరీ పోతాయి. పెద్ద చిటుకులు మాత్రం ఒక్కొక్కటి చూసి తీసేయండి.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ‘ప’, ‘భ’ అక్షరాలు నేరుగా మైకులోకి ఊదినట్టు పడితే వినేవారి చెవిలో దెబ్బ తగిలినట్టు ఉంటుంది. ముల్లు గెంతి ఒకే చోట తిరగడం మొదలైతే కంగారుగా టోన్‌ఆర్మ్ (ముల్లు ఉన్న కడ్డీ) లాగవద్దు. ఫేడర్ మూసి, మైకు తెరిచి, జరిగింది జరిగినట్టు చెప్పి, రెండో టర్న్‌టేబుల్ మీది పాటకు వెళ్ళండి.

హక్కులు

రికార్డు మీ సొంతమైనంత మాత్రాన దాన్ని ప్రసారం చేసే హక్కు మీది కాదు. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ధ్వని ముద్రణకు, అది విడుదలైన ఏడాది తరువాతి జనవరి 1 నుంచి 60 ఏళ్ళ రక్షణ ఉంటుంది. 1960లో వచ్చిన రికార్డు అయితే 2020 డిసెంబరు 31తో ఆ గడువు ముగిసింది. అక్కడితో పని అయిపోలేదు. పాట సాహిత్యానికి, బాణీకి వేరే హక్కు ఉంది, అది రచయిత లేదా స్వరకర్త మరణించిన తరువాత 60 ఏళ్ళు నడుస్తుంది. ఘంటసాల 1974లో మరణించారు కాబట్టి ఆయన కట్టిన బాణీలకు 2034 చివరిదాకా రక్షణ ఉంటుంది. కనుక స్టేషన్‌కు సంబంధిత హక్కుల సంస్థలతో లైసెన్సు ఉందా అని మొదటి రోజే అడిగి, వారికి ఇవ్వవలసిన పాటల వివరాలను మీ నోటు పుస్తకం నుంచే నింపి ఇవ్వండి. రేడియో స్టేషన్లకు 2012 సవరణతో వచ్చిన చట్టబద్ధ లైసెన్సు (హక్కుదారుల విడి అనుమతి లేకుండా, నిర్ణయించిన రుసుము కట్టి ప్రసారం చేసుకునే వీలు) ఇంటర్నెట్ ప్రసారానికి వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు చెప్పింది. ఇంటర్నెట్ రేడియో పెట్టేవారు వేరుగా అనుమతులు తీసుకోవాలి.

తిరిగి బీరువాలోకి

కార్యక్రమం ముగిసిన రాత్రే రికార్డులను బ్రష్‌తో తుడిచి అట్టల్లో పెట్టండి, రేపటికి వదిలితే మన తేమలో దుమ్ము గాడికి అతుక్కుంటుంది. బీరువా సముద్రం వైపు గోడకు ఆనకుండా, నేలకు జానెడు ఎత్తున ఉండాలి, అప్పుడు చెదలూ వాన నీరూ సులభంగా అందుకోలేవు. రికార్డులు నిటారుగా నిలబడాలి. ఒరిగితే వంకర తిరుగుతాయి, మరీ బిగించి కుక్కితే తీసేటప్పుడు అట్టలు చిరుగుతాయి. అరలకు తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడు మార్చండి. అరువు తెచ్చిన రికార్డులను విడిగా, యజమాని పేరు రాసిన సంచిలో పెట్టి, సోమవారం ఉదయమే తిరిగి ఇవ్వండి. చివరగా, నోటు పుస్తకంలో ఆ రికార్డు పేజీ తీసి ప్రసారం చేసిన తేదీ రాయండి, ఎవరైనా శ్రోత ఫోన్ చేసి ఆ పాట గురించి కొత్త సంగతి చెప్పి ఉంటే తేదీ కింద అది కూడా రాసి, తరువాతి ఆదివారం వేయవలసిన మొదటి ఈపీని తీసి టర్న్‌టేబుల్ పక్కన పెట్టుకోండి.